స్మోకీ కొండల్లో వాకర్ అక్కచెల్లెళ్ల ఇల్లు

అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి వెళ్లినవాళ్లు కువోహీ శిఖరం ఎక్కకుండా రారు. మేమూ ఎక్కాం. ఎత్తు 6,643 అడుగులు. కారు దిగాక నడక అర మైలే, అదీ తారు వేసిన దారే, కానీ నిటారుగా ఉండి ఆయాసం తెప్పిస్తుంది. పైన టవర్ మీంచి చూస్తే ఇటు టెనెసీ, అటు నార్త్ కరొలైనా, కొండల వెనక కొండలు, దూరం పోయేకొద్దీ పలచబడే నీలం. ఇక్కడి ఆదివాసులైన చెరోకీలకి ఇది పవిత్ర స్థలం. 1838లో సైన్యం వాళ్లని పడమటికి తరిమేసింది, దారిలో వేలమంది చనిపోయారు. కొందరు మాత్రం ఈ కొండల్లోనే దాక్కుని మిగిలారు. శిఖరానికి వాళ్లు పెట్టుకున్న కువోహీ అనే పేరు 2024లో మళ్లీ అధికారికమైంది. ఎప్పుడో జరగాల్సిన పని.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం కింద అడవిలో ఉన్న ఒక దుంగల ఇల్లు. మెట్‌కాఫ్ బాటమ్స్ దగ్గర కారు ఆపి నడిస్తే ముందు లిటిల్ గ్రీన్‌బ్రయర్ బడి వస్తుంది. 1882లో కట్టారు. పక్కనే చిన్న శ్మశానం. అక్కణ్ణుంచి పాత బండిదారిలో ఒక మైలు పైచిలుకు నడిస్తే ఆ ఇల్లు.

1934లో పార్కు ఏర్పడింది. అప్పటికే ఈ లోయల్లోని కుటుంబాల భూములు కొనేసి ఖాళీ చేయిస్తున్నారు. ఆ ఇంట్లో ఉండే వాకర్ అక్కచెల్లెళ్లు ఐదుగురు, పెళ్లిళ్లు చేసుకోలేదు, మేం కదలం అన్నారు. చివరికి బతికున్నంత కాలం అక్కడే ఉండే షరతు మీద భూమిని పార్కుకి అమ్మారు. భూమి పోయింది, ఇల్లు నిలిచింది. వాళ్లలో చివరిదాకా మిగిలిన లూయీసా 1964లో పోయేదాకా అక్కడే. ఇల్లు చూడవచ్చిన వాళ్లకి తను రాసిన కవితలు అమ్మేదట.

గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మూలల్లో దుంగకి దుంగ గాడి కోసి కూర్చారు, సందుల్లో మట్టి మెత్తారు. గొడ్డలి దెబ్బలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. కాస్త అవతల ఊటనీళ్ల మీద కట్టిన చిన్న కొట్టు. పాలూ వెన్నా ఆ చల్లదనంలో పెట్టుకునేవారు. చుట్టూ చెట్లు ఎంత దట్టంగా పెరిగాయంటే, ఇక్కడ పొలాలూ పళ్లతోటా ఉండేవంటే నమ్మడం కష్టం.

పార్కుకి ప్రవేశ రుసుము లేదు, పావుగంట దాటి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ కావాలి. పార్కులో అందరూ కార్లలో తిరిగే కేడ్స్ కోవ్ లూప్ రోడ్డు మీద కార్ల వెనక పాకుతూ రోజంతా గడపకుండా ఒక పూట ఇటు నడవండి.