అడివికి డీఏపీ ఎవురేస్తన్నారు?

పొదలకూరు దాటి రాపూరు రోడ్డెక్కగానే మామ బండి నెమ్మది చేశాడు. రెండు వైపులా నిమ్మతోటలే. కార్తీకమాసం. వారం రోజులు పట్టిన ముసురు ముందురోజే వదిలింది, కాలవగట్లన్నీ ఇంకా బురదగానే ఉన్నాయి. పడమటి దిక్కున వెలిగొండ సగం మబ్బులో గోడ మాదిరి నిలబడుంది. పెంచలస్వామికి మొక్కు చెల్లించాలని మామ చాన్నాళ్లుగా అంటున్నాడు, సెలవు దొరికింది కదా అని నేనూ బయల్దేరాను.

ఆ కొండను చూస్తూ అడిగాడు: "మన తోటకు ఏటా మూటలు మూటలు డీఏపీ ఏస్తన్నాం. ఆ కొండ మింద అడివికి ఎవురేస్తన్నారబ్బయ్యా?"

మట్టి పరీక్షలు చేసే పనిలో నాకు పన్నెండేళ్లు. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని రైతుల కార్డుల మీద రాసిచ్చానే గానీ ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆ రోజు ప్రయాణమంతా దాని చుట్టూనే తిరిగింది.

డీఏపీ అంటే నత్రజని, భాస్వరం రెండూ ఉన్న ఎరువు. యాభై కిలోల మూటలో అసలు భాస్వరం లెక్క కడితే దాదాపు పది కిలోలు. నత్రజనికైతే గాలి ఉంది. కంది, కానుగ లాంటి చెట్ల వేళ్లలో బుడిపెలు కట్టుకుని బతికే బ్యాక్టీరియా దాన్ని గాలిలోంచి లాగి ఇస్తుంది. భాస్వరానికి ఆ దారి లేదు. అది రాతిలోంచి రావాల్సిందే. రాతిలో అపటైట్ అనే ఖనిజం ఉంటుంది, అది వాననీళ్లకూ వేళ్లు వదిలే పులుపుకూ కరిగితే కొద్దికొద్దిగా బయటికొస్తుంది. కాబట్టి అడవి కింద ఏ రాయి ఉందన్నదే మొదటి సంగతి.

ఒక కల్వర్టు దగ్గర టీ కోసం ఆగినప్పుడు గట్టు మట్టి చేతిలోకి తీసుకున్నాను. అరచేయంతా మెరిసింది, మైకా. సైదాపురం, గూడూరు పక్క గనుల్లో తవ్విన మైకా ఇదే. ఈ మైదానమంతా నైస్, షిస్టు రాళ్లది. వాటి మధ్య పెద్ద పెద్ద స్ఫటికాల పెగ్మటైటు చారలుంటాయి, వాటిలో అక్కడక్కడా అపటైట్ కూడా కనిపిస్తుంది. ఈ రాళ్లు అరిగితే బంకమన్ను, ఇనుము, కాస్తో కూస్తో భాస్వరం మిగులుతాయి. అయితే ఎర్రమట్టిలో ఉన్న ఇనుమే ఆ భాస్వరాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. పెట్టెలో డబ్బుండి తాళంచెవి లేనట్టు ఉంటుంది చెట్టు పరిస్థితి.

రాపూరు దాటి కొండ దగ్గరకొచ్చేసరికి రాయి మారిపోయింది. పెంచలకోనలో దర్శనం చేసుకుని, జలపాతానికి పోయే కాలిబాట పట్టాం. బాట పక్కన తెల్లగా, లేత గులాబీగా, పగిలిన చోట చక్కెర ముక్కలా మెరిసే బండలు. క్వార్ట్జైట్, ఇసుక గట్టిపడి రాయైంది. ఒక బండ మీద చెయ్యి పెట్టి నిమిరితే వరసగా అలలు తగిలాయి. "ఎవురన్నా చెక్కారా?" అన్నాడు మామ. చెక్కింది నీళ్లే. 150 కోట్ల ఏళ్లకు పైబడిన లోతులేని సముద్రంలో ఇసుక మీద నీళ్లు గీసిన చారలు రాయై మిగిలాయి. మైపాడు తీరంలో తెల్లారి పోటు తగ్గాక కనపడే చారల్లాంటివే.

నాకు ఆ బండ దగ్గర్నించి కదలబుద్ధి కాలేదు. ఆ ఇసుక రాయిగా మారకముందే, ఏదో పాత కొండ అరిగి కొట్టుకొచ్చే దారిలోనే, అపటైట్ చాలామటుకు కరిగిపోయింది. మిగిలింది గట్టి గాజు లాంటి సిలికా. అది గట్టిపడి రాయై, పైకి లేచి, మళ్లీ అరుగుతోంది. రెండోసారి అరిగే రాయి చెట్టుకేమిస్తుంది? దాదాపు ఏమీ ఇవ్వదు. అయినా ఎర్రచందనం, చిరుమాను, బిల్లుడు ఈ బండల సందుల్లో వేరు దింపి నిలబడ్డాయి. మధ్యమధ్య పలకరాయి పొరలు అడ్డం వచ్చిన చోట ఊట కారుతోంది, చెట్లూ చిక్కగా ఉన్నాయి. మార్కాపురంలో పలకలు తీసే రాతి కుటుంబమే ఇది. ఆ చిక్కదనంలో ముందు వాటా నీటిదే. కానీ బంకమన్ను పట్టి ఉంచే పోషకాల వాటా కూడా తక్కువేం కాదు.

వాగు ఒడ్డున మద్దిచెట్టు కింద కూర్చుని ఆకుపొర తీసి చూశాం. ఇది అభయారణ్యం. ఆకు కూడా బయటికి తీసుకుపోకూడదు, అందుకే చూసింది చూసినట్టే మళ్లీ కప్పేశాం. పైన ఈ ఏటి ఆకు, ఇంకా కుళ్లకుండానే ఉంది. దాని కింద తడిసి నల్లబడ్డ నిరుటి ఆకు, ఈనెలు మాత్రమే మిగిలి వలలా ఉంది. ఆ వల మీద తెల్లటి బూజు పోగులు. వాటి పక్కనే, కిందినించి పైకి పాకి, వెంట్రుకంత సన్నటి వేళ్లు కుళ్లిన ఆకుని కుట్టినట్టు అల్లుకున్నాయి. మామ ఆ ఆకుని వేలితో లేపాడు. ఆకుతోపాటు వేరూ లేచొచ్చింది.

"మట్టిలోకి పోకుండా పైకెందుకొస్తన్నయ్యిరా?"

కింద ఏం లేదు గనక. చెట్టు ఆకు రాల్చేముందే అందులోని భాస్వరంలో సగానికి అటూఇటూ కొమ్మలోకి వెనక్కి లాక్కుంటుంది. మిగతాది రాలాక బూజు కుళ్లబెడుతుంది, మట్టిలో ఇంకి ఇనుముకి చిక్కకముందే వేరు అందుకుంటుంది. మట్టిలో భాస్వరం మిల్లీమీటరు దూరం కదలడమే కష్టం, వేరే దాని దగ్గరికి పోవాలి. వేరు చేరలేని సందుల్లోకి మైకోరైజా, అంటే వేళ్లతో కలిసి బతికే బూజు, కంటికి కనపడని దాని పోగులు పోయి తెచ్చిస్తాయి, చెట్టు వాటికి చక్కెర ఇస్తుంది.

జర్మనీలో బీచ్ చెట్ల అడవుల మీద ఇదే సంగతి కొన్నేళ్లు పరిశీలించారు. లావా చల్లారి గట్టిపడ్డ బసాల్టు రాతి మీదున్న అడవి రాయిని కరిగించుకుని భాస్వరం తెచ్చుకుంటుంది. ఇసుకనేల మీదున్న లూస్ అడవి ఆకుపొరని మందంగా పేర్చుకుని, రాలినదాన్నే తిప్పి తిప్పి వాడుకుంటుంది. హవాయి దీవుల్లో 40 లక్షల ఏళ్లనాటి పాత నేలల్లో రాతి భాస్వరం అయిపోతే, అడవి ఆసియానించి గాలిలో కొట్టుకొచ్చే ధూళి మీద బతుకుతోందని 1999లో తేల్చారు. వెలిగొండ అడవిని నేను లూస్ వైపే చేరుస్తాను. ఇక్కడ ఆకుపొరే ఖజానా. ఎండాకాలం ఎవరో చుట్ట ముక్క పారేస్తే నత్రజని పొగలో పోతుంది. భాస్వరం బూడిదలో మిగులుతుంది గానీ మొదటి జడివానకు ఆ బూడిద ఈ ఏటవాలు బండల మీదినించి వాగులో కలుస్తుంది. రాయి దాన్ని మళ్లీ ఇవ్వాలంటే మనిషి లెక్కలకు అందని కాలం పడుతుంది. అడవి తగలబడిందన్న కబురు విన్నప్పుడల్లా నాకు ముందు కళ్లలో మెదిలేది చెట్లకంటే ఆ నల్లటి పొరే.

తిరుగుదారిలో మామ పెద్దగా మాట్లాడలేదు. పొద్దుగూకేవేళకి తోటకి చేరాం. ఇంట్లోంచి మట్టి కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. భాస్వరం ఎక్కువ, జింకు తక్కువ. భాస్వరం అతిగా పేరుకుంటే చెట్టుకు జింకు సరిగా అందదు, లేత నిమ్మాకుల్లో ఈనెల మధ్య పసుపు అందుకే. ఈ ఏడు డీఏపీ వద్దని చెప్పాను. తలూపాడు.

తర్వాత ఒక నిమ్మచెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు. పాదు అద్దంలా ఊడ్చి ఉంది, ఊడ్చిన ఆకు గట్టు మీద కాలి నల్లటి మచ్చయింది. గట్టిపడ్డ మట్టిని గోరుతో గీకి, సెల్‌ఫోన్ లైటు వేసి, చాలాసేపు వెతికాడు.

"ఈడ పైన ఒక్క వేరూ లేదబ్బయ్యా," అన్నాడు.