మా బడిలో మధ్యాహ్నం పళ్ళు తోమించడం ఎలా మొదలుపెట్టామంటే (నా అనుభవం)

నేను చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. మా బడిలో మధ్యాహ్నం భోజనం అయిపోయాక పిల్లలందరూ వరండాలో వరసగా కూర్చుని పళ్ళు తోముకుంటారు. చూసినవాళ్ళు, ముఖ్యంగా పక్క మండలాల టీచర్లు, పర్మిషన్ ఎవరిని అడిగారు, పేస్టుకు డబ్బులెక్కడివి, తల్లిదండ్రులు ఏమీ అనలేదా అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసేస్తున్నా.

మా ఊళ్ళో చాలామంది పిల్లల అమ్మానాన్నలు బెంగళూరులో బిల్డింగ్ పనులకు పోతారు, పిల్లలు అవ్వ దగ్గరే పెరుగుతారు. పొద్దున్నే టీలో బన్ను, బడికొచ్చేటప్పుడు రూపాయి చాక్లెట్, సాయంత్రం మళ్ళీ ఏదో ఒక ప్యాకెట్. రెండో తరగతి పాప ఒకామె రోజూ భోజనం దగ్గర అన్నాన్ని పప్పులో మెత్తగా పిసికి, ఒక దవడకే వేసుకుని, నమలకుండా మింగేసేది. గుడ్డు పక్కన పెట్టేసేది. ఒకరోజు నోరు తెరవమని ఫోన్ టార్చి వేసి చూశాను. కింది దవడలో రెండు పక్కలా పాలపళ్ళు సగానికి సగం కరిగిపోయి నల్లటి గుంతలు పడి ఉన్నాయి, ఒకదాని పక్కన చిగురు మీద చీముపొక్కు కూడా ఉంది. వాటన్నిటికంటే నాకు భయం వేసింది మాత్రం వెనకాల చిగురులోంచి అప్పుడే పైకి వస్తున్న పెద్ద పన్నును చూసి, దాని గాడిలో కూడా అప్పటికే గోధుమరంగు గీత పడింది.

వాళ్ళ అవ్వను పిలిపించి చెబితే "పాలపండ్లే కదా టీచరమ్మా, ఊడిపోయి మళ్ళా మొలస్తాయి లే" అంది. ఈ మాట మా ఊళ్ళో అందరూ అనేదే. పాలపళ్ళు మొత్తం 20, అవి ఊడేవే, నిజమే. కానీ ఆరేళ్ళప్పుడు వాటి వెనకాల వచ్చే దవడ పన్ను ఏ పన్నూ ఊడకుండానే కొత్తగా మొలుస్తుంది, అందుకే అది వచ్చిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పూర్తిగా పైకి రావడానికి నెలల తరబడి పడుతుంది, ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు, అన్నాళ్ళూ పక్క పళ్ళకంటే కిందికే ఉంటుంది కాబట్టి బ్రష్షు దానికి తగలదు, తిన్నది మాత్రం దాని గాళ్ళలో ఇరుక్కుంటుంది. అది పుచ్చడం మొదలయ్యేది ఎక్కువగా ఆ వయసులోనే. మా ఒకటి, రెండు తరగతుల పిల్లలు సరిగ్గా ఆ వయసు వాళ్ళు. బడిలో ఏదో ఒకటి చేయాలని నేను పట్టుబట్టింది ఈ ఒక్క పన్ను కోసమే.

పాలపళ్ళయినా ఊడిపోయేవే కదా అని వదిలేయకూడదు. దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి, ముందే తీసేయాల్సి వస్తే పక్క పళ్ళు జరిగి కొత్త పన్నుకు చోటు ఉండదు. నొప్పి ఉన్న పిల్లకు నిద్ర ఉండదు, తిండి సరిగ్గా పోదు, క్లాసులో ఏం చెప్పినా తలకెక్కదు.

ఆ ఏడాది స్కూల్ హెల్త్ చెకప్ టీం వచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్లో 30 రకాల సమస్యలు చూస్తారు, వాటిలో పుచ్చు పళ్ళు కూడా ఉన్నాయి. ఇది చాలామంది టీచర్లకే తెలియదు. ఎత్తు, బరువు, కళ్ళు చూసేసి వెళ్ళిపోతుంటే పళ్ళు కూడా చూసి రాయండి సార్ అని నేనే అడిగాను. చూశారు, ఓపిగ్గానే చూశారు, ఏరియా ఆసుపత్రికి చీటీలు రాసిచ్చారు. చీటీ చేతిలో ఉంది గానీ తీసుకుపోయేదెవరు? ఒకరోజు ఆసుపత్రికి పోతే ఒకరోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు అదనం. చివరికి నలుగురు అవ్వలను, వాళ్ళ పిల్లలను ఒకే ఆటోలో కూర్చోబెట్టుకుని నేనూ వెళ్ళాను. అక్కడి డెంటల్ డాక్టర్ మా రెండో తరగతి పాపకు చీము పట్టిన పన్ను తీసేసి, వాళ్ళ అవ్వను కూర్చోబెట్టి, పన్నులో పురుగు ఉండదని, తీపి తిన్న ప్రతిసారీ నోట్లోని బాక్టీరియా ఆమ్లం తయారు చేస్తుందని, అది పైపొరను కరిగిస్తుందని, మన ఉమ్మి దాన్ని మళ్ళీ సరిచేస్తుంది గానీ గంటకోసారి నోట్లో తీపి పడుతుంటే దానికి టైం దొరకదని చెప్పారు. పుచ్చిన పన్నులో పొగాకు కుక్కొద్దని కూడా గట్టిగా చెప్పారు, మా వైపు ఇంకా ఆ అలవాటు ఉంది. బయటికి వచ్చేటప్పుడు నాతో "మేడం, ఇంటి దగ్గర ఏమీ మారకపోతే ఆరు నెలల్లో మిగతా పళ్ళతో మళ్ళీ వస్తారు" అన్నారు.

ఇంటి దగ్గర మారాలంటే ఎవరు మార్చాలి? అరవై ఏళ్ళ అవ్వ రాత్రి పూట ముగ్గురు మనవళ్ళను నిలబెట్టి బ్రష్ చేయిస్తుందని నేను అనుకోలేదు. రోజూ పిల్లలందరూ ఒకచోట, ఒకే టైముకు ఉండేది బడిలోనే. స్కాట్లాండులో చైల్డ్‌స్మైల్ పేరుతో నర్సరీ పిల్లలకు రోజూ బడిలోనే టీచర్ల ముందు బ్రష్ చేయిస్తారని, ఫిలిప్పీన్స్‌లో సర్కారు బళ్ళలో చేతులు కడిగించడంతో పాటు పళ్ళు కూడా తోమిస్తారని చదివాను. ఫిలిప్పీన్స్‌లో అయినప్పుడు మన దగ్గర ఎందుకు కాదు?

హెచ్ఎం సార్ వెంటనే సరేనన్నారు. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి ఒక లెటర్ ఇచ్చాం. అసలు టెన్షన్ పేరెంట్స్ మీటింగ్‌లో. పేస్టులో పళ్ళు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ ఉంటుందని చెప్పగానే వెనక నుంచి ఒక తండ్రి లేచి "ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే కాళ్ళు వంకర పోతాయంట కదా మేడం, నల్గొండలో చూడలేదా" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దీనికి మాటలతో జవాబు చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. బడి బోరు నీళ్ళు సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌కు పంపించాం. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు అన్నది మన దేశ ప్రమాణం. మా నీళ్ళు 1 లోపే వచ్చాయి. ఆ కాగితం నోటీసు బోర్డుకు అంటించి, తర్వాతి మీటింగ్‌లో ఆయనకే చదివి వినిపించాను: కాళ్ళు వంకర పోయేది ఏళ్ళ తరబడి ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగడం వల్ల, ఇక్కడ బఠాణీ గింజంత పేస్టు పన్ను మీద రాసి ఉమ్మేస్తాం. ఇది చదివే టీచర్లు, మీ బడి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ వస్తే మాత్రం డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి.

డబ్బుల సంగతి చిన్నదే. మా బడిలో చదువుకుని బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న పాత విద్యార్థులు బ్రష్షులు, పేస్టు కొనిచ్చారు. పేస్టు కొనేటప్పుడు ట్యూబు మీద ఫ్లోరైడ్ ఎన్ని పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) ఉందో చూడండి, రాసి ఉండాలి, 1000 దగ్గర ఉన్నది కావాలి. బొమ్మలు వేసిన పిల్లల పేస్టుల్లో కొన్నిటిలో దానిలో సగం కూడా ఉండదు. ఎర్ర పళ్ళపొడి, బొగ్గు, ఉప్పు వీటిలో పుచ్చును ఆపేది ఏమీ లేదు. వేపపుల్ల నమిలితే నోరు శుభ్రంగానే ఉంటుంది, నేను కాదనను, కానీ అది ఫ్లోరైడ్ చేసే పని చేయదు.

బ్రష్షుల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాస్తే వారంలో చెరిగిపోయాయి, అన్న బ్రష్షు తమ్ముడు, తమ్ముడి బ్రష్షు పక్కింటి పిల్ల. అప్పుడు మా ఆయా ఇంటి నుంచి గోళ్ళరంగు తెచ్చి పిడి చివర నంబర్లు వేసింది, అవి ఈరోజుకీ చెరగలేదు. ఊళ్ళో వడ్రంగి ఒక చెక్కకు రంధ్రాలు వేసిచ్చాడు, ఒకదానికొకటి తగలకుండా బ్రష్షులు నిలబడి ఆరుతాయి, పైన దోమతెర గుడ్డ కప్పుతాం. ట్యూబు నోటికి బ్రష్షులు తాకితే ఒకరి ఉమ్మి ఇంకొకరికి అంటుతుంది కాబట్టి, కడిగిన స్టీలు ప్లేటు అంచు చుట్టూ ఎడంగా పేస్టు చుక్కలు పెడతాను, ఒక్కో పిల్ల ఒక్కో చుక్క తన బ్రష్షుతో తీసుకుంటుంది. మా దగ్గర వారంలో కొన్ని రోజులు భోజనంతో చిక్కీ ఉంటుంది, పిల్లలకు బలమైన తిండి, మానిపించే ప్రసక్తే లేదు, కానీ పళ్ళకు అంటుకుపోతుంది కాబట్టి బ్రషింగ్ దాని తర్వాతే పెట్టాం.

అన్నిటికంటే కష్టమైంది ఉమ్మేశాక నీళ్ళు పుక్కిలించకుండా ఉండటం. పేస్టులోని ఫ్లోరైడ్ పన్ను మీద కాసేపు ఉంటేనే పని చేస్తుంది, నీళ్ళు పోసి పుక్కిలిస్తే చాలావరకు పోతుంది. కానీ మన ఇళ్ళల్లో నోరు కడుక్కోకుండా లేస్తే ఊరుకుంటారా! పిల్లలే "మేడం, ఎంగిలి మేడం" అని గొడవ. అందుకని వరస మార్చాం: భోజనం కాగానే నీళ్ళతో నాలుగైదుసార్లు బాగా పుక్కిలించాలి, ఎంగిలి పోయింది, ఇప్పుడు బ్రష్షు, చివర్లో ఉమ్మడం మాత్రమే. దీనికి ఇళ్ళల్లో కూడా ఒప్పుకున్నారు. వెనక మొలుస్తున్న పన్నుకు బ్రష్షును బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి తోమాలని నేను ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని నేర్పించాను. ఇది చాలా ఓపిక అడిగే పని, కానీ ఇందులో తొందరపడితే మిగతాదంతా దండగ.

తర్వాత తిరుపతి వైపు నుంచి ఒక డెంటల్ టీం మా మండలానికి క్యాంపుకు వస్తే మా బడికీ రమ్మని బతిమాలాను. చిన్నపిల్లల కొత్త దవడ పళ్ళకు ఫ్లోరైడ్ వార్నిష్ (పన్ను మీద అంటుకుని ఉండే పూత) రాశారు, నిమిషాల్లో అయిపోయింది, ఆరు నెలలకోసారి మళ్ళీ రాయించాలి. పుచ్చిన పాలపళ్ళకు సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క వేశారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేరిన మందు, సూది లేదు, డ్రిల్లింగ్ లేదు, చాలా పళ్ళలో పుచ్చు అక్కడితో ఆగిపోతుంది, కాకపోతే ఆ భాగం నల్లగా అయిపోతుంది. ముందే ఫోటోలు చూపించి, సంతకాలు తీసుకుని వేశారు. ముందు పళ్ళకు వద్దని ఇద్దరు తల్లులు అన్నారు, వాళ్ళకు వేయలేదు. నాతో ఆటోలో వచ్చిన ఆ రెండో తరగతి పాపకు వెనక పళ్ళకు వేశారు. గీత పడిన ఆ కొత్త పన్ను గాళ్ళను పళ్ళకు వాడే సిమెంటుతో మూసేశారు. ఇప్పుడు రెండు దవడలతో నములుతుంది, గుడ్డు పక్కన పెట్టదు.

సర్కారు ఇచ్చే స్కూల్ కిట్‌లో బ్యాగు, పుస్తకాలు, బూట్లు, బెల్టు వస్తున్నాయి. అందులో ఒక బ్రష్షు, ఒక ఫ్లోరైడ్ పేస్టు కూడా పెట్టమని మా పేరెంట్స్ కమిటీ తరఫున అర్జీ రాసి పైకి పంపాం. వేసవి సెలవుల్లో అలవాటు తప్పుతోంది, అది ఇంకా మాకు తెగని సమస్య. జూన్ నుంచి పక్కనే ఉన్న అంగన్‌వాడీ పిల్లలను కూడా కలుపుకుంటున్నాం, మూడేళ్ళ లోపు వాళ్ళకు బియ్యపు గింజంత పేస్టు, అంతకంటే పెద్దవాళ్ళకు బఠాణీ గింజంత. దానికి ఇంకో చెక్క చేయించాలి, వడ్రంగికి చెప్పాను.