ఆ రాత్రి పీత నేను ఒలిచాను

మా పెళ్లయి 26 ఏళ్లు. ఇన్నేళ్లలో ఒక్క పీతను కూడా నా చేత్తో విరిచి తినలేదు నేను. ఆ పని ఆయనది. డెక్క విరిచి, కండ చెదరకుండా లాగి, నా పళ్లెంలో ఒక పక్కన పెట్టేవారు. ఆయన వంతుకి ఎప్పుడూ సన్నకాళ్లే మిగిలేవి. "నాకు కాళ్లు చీకడమే ఇష్టం" అనేవారు. నేనూ నమ్మాను.

పోయిన వానాకాలంలో బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. పడేటప్పుడు ఎవరైనా చెయ్యి కింద ఆనిస్తారు కదా, ఆయనా అదే చేశారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పిన రోజు ఆ చెయ్యి చూసి నాకు ఏడుపొచ్చింది. సన్నబడిపోయి, బిగుసుకుపోయి, ఎవరిదో చెయ్యిలా ఉంది. ఫిజియోథెరపీలో మెత్తటి బంతి పిసకమన్నారు, తడి తువ్వాలు పిండమన్నారు. ఒక్కరోజు కూడా మానకుండా చేశారు. వేళ్లు కదిలాయి కానీ పిడికిలికి పట్టు రాలేదు. ముప్పై ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్న మనిషి, చాక్‌పీస్ జారిపోతుంటే పిల్లల ముందు ఎడమ చేత్తో రాయడం మొదలుపెట్టారు. దానికంటే ఎక్కువగా ఆయన్ని కుంగదీసింది తిండి. ఇంట్లో ఎడమ చేత్తో, చెంచాతో తినేవారు. నలుగురిలో మాత్రం అసలు తినేవారు కాదు. ఎక్కడికెళ్లినా "ఇప్పుడే తిని వచ్చాం" అనేవారు. పక్కనున్న నాకు అది అబద్ధమని తెలుసు.

అందుకే మా అమ్మాయి సముద్రం ఒడ్డున రిసార్ట్ బుక్ చేసినప్పుడు నాకు సంతోషం కంటే భయమే ఎక్కువైంది. మొదటి రాత్రి గదిలోకే ఇడ్లీలాంటిదేదో తెప్పించుకుని పడుకున్నాం. రెండో రాత్రి నేను పట్టుబట్టాను. కిందున్న రెస్టారెంట్‌లో, చెక్క అరుగు చివరి బల్ల అడిగాను. ఆయన సముద్రం వైపు తిరిగి కూర్చుంటే ఆయన చెయ్యి నాకు తప్ప ఎవరికీ కనబడదు. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయనకి తెలిసే ఉంటుంది.

లోపలికి వెళ్లే దారిలో పెద్ద బల్ల మీద ఐసు పరిచి, ఆ రోజు వచ్చిన సరుకంతా పెట్టారు. అక్కడ ఆయన ఆగిపోయారు. కొన్ని నెలల తర్వాత నా పాత మనిషి కనబడింది అక్కడే. వంగి చేప కన్ను చూశారు. తేటగా, కొంచెం ఉబ్బి ఉంటే తాజాది. మసకబారి లోపలికి పోతే పాతది. మొప్ప ఎత్తి చూపించమని కుర్రాణ్ణి అడిగారు, ఎర్రగా ఉంది. వీపు మీద వేలితో నొక్కించారు, గుంట పడలేదు. "వాసన చూడు" అన్నారు నాతో. ఏమీ రాలేదు, తడి గాలి వాసన తప్ప. "అదే కావాలి. మనం నీచు వాసన అంటామే, అది బతికున్న చేపది కాదు. సముద్రపు చేప కండలో ఒక పదార్థం ఉంటుంది, చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమీన్ చేస్తుంది. ఆ వాసనే అది. నిమ్మరసం పిండితే అందులోని ఆమ్లంతో కలిసి లవణమై కూర్చుంటుంది, గాల్లోకి లేవదు." చేప పట్టుకున్న కుర్రాడు నోరు తెరుచుకుని వింటున్నాడు. పక్కనే నల్లగా ఉన్న లాబ్‌స్టర్లు చూపించి, ఉడికితే ఎందుకు ఎర్రబడతాయని ఆ అబ్బాయే అడిగాడు. ఎర్ర రంగు మొదటినుంచీ దాంట్లోనే ఉంటుందట. ఒక ప్రోటీన్ దాన్ని చుట్టేసి నల్లగా, నీలంగా కనిపించేలా చేస్తుందట. వేడికి ఆ ప్రోటీన్ విడిపోగానే ఎరుపు బయటపడుతుందట. ఐసు బల్ల దగ్గర క్లాసు జరిగిపోయింది.

పీతల తొట్టి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముందుకు నడిచారు. "చేప చెప్పు చాలు" అన్నారు. ముల్లు తీసిన ముక్కైతే చెంచాతో తినొచ్చు, అదీ ఆయన లెక్క.

నేను పీత చెప్పాను.

ముందు స్క్విడ్ వచ్చింది. బాగాలేదు, రబ్బరులా సాగింది. దాన్ని రెండు మూడు నిమిషాల్లో దించెయ్యాలి, లేదంటే ముప్పావు గంట పైగా మగ్గనివ్వాలి. మధ్యలో ఎక్కడ ఆపినా నమలలేం. వంటతను మధ్యలోనే ఆపినట్టున్నాడు. చేప మాత్రం ఇన్నాళ్లలో నేను తిన్నవాటిలో మంచిది. నిప్పుల మీద తోలు పెళుసుగా కాలింది, లోపల కండ రేకులు రేకులుగా విడిపోతోంది. ఆయన ఎడమ చేత్తో నెమ్మదిగా తిన్నారు. గాలికి బల్ల మీది దీపం రెండుసార్లు ఆరిపోయింది, మూడోసారి వెలిగించొద్దన్నాం.

తర్వాత పీత. పెద్ద పళ్లెంలో ఒక్కటే, ఆవిరి మీద ఉడికించి, పైన వెన్న, వెల్లుల్లి. పక్కన అడకత్తెరలాంటి పనిముట్టు, సన్నటి పొడవాటి ఫోర్కు. ఆయన చెయ్యి బల్ల కిందకి జరిగింది. నేను చూశాను. పళ్లెం నా ముందుకు లాక్కున్నాను.

"ఎలా చెయ్యాలో మీరు చెప్పండి" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. సముద్రం వైపు చూశారు. తర్వాత కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "ముందు వెల్లకిలా తిప్పు. పొట్ట కింద మూత కనబడిందా? సన్నగా, కోణంగా ఉంది కదా, మగది. ఆడదైతే వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. ఆ మూత ఎత్తి లాగెయ్. ఆ సందులో బొటనవేలు పెట్టి పై డొప్ప లేపు. లాగొద్దు, లేపు." లేపాను. అటూ ఇటూ బూడిదరంగులో మెత్తగా, ఈకల్లా ఉన్నవి మొప్పలు, అవి తినరు, తీసి పారెయ్యమన్నారు. తర్వాత ఒంటిని రెండుగా విరవమన్నారు. విరిస్తే లోపల తేనెపట్టులా గదులు, గదిగదికీ తెల్లటి కండ. ఇన్నేళ్లూ ఇది నా పళ్లెంలోకి ఎంత పనిచేస్తే వచ్చేదో నాకు తెలియనే తెలియదు.

డెక్క దగ్గర నేను తొందరపడ్డాను. పనిముట్టుతో గట్టిగా నొక్కితే పెంకు ముక్కలు ముక్కలై కండలో గుచ్చుకుంది. "అంత బలం అక్కర్లేదు. పగులు వినబడగానే ఆపెయ్" అన్నారు. పెంకులన్నీ ఏరడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఓపిగ్గా చూస్తూ కూర్చున్నారు, ప్రాక్టికల్స్‌లో పిల్లల పక్కన నిలబడ్డట్టు.

రెండో డెక్క చేతిలోకి తీసుకుంటే చాలా చిన్నగా ఉంది. మొదటిదానిలో సగం కూడా లేదు. మోసం చేశారేమో, అడుగుదామా అన్నాను.

"మోసం కాదు. అది మళ్లీ మొలిచింది" అన్నారు.

దేనికైనా చిక్కినప్పుడు పీత తన కాలో డెక్కో తనే వదిలేస్తుందట. అలా తెగడానికి కాలి మొదలు దగ్గరే ఒక చోటు ఏర్పాటై ఉంటుందట, తెగాక ఆ చోటు వెంటనే మూసుకుపోతుందట. తర్వాత పెంకు విడిచినప్పుడు అక్కడే బుల్లి డెక్క వస్తుంది. ఇంకోసారి విడిస్తే ఇంకొంచెం పెద్దదవుతుంది. బతికున్న పీతను మరిగే నీళ్లలో వేస్తే కాళ్లు ఊడిపోయేది కూడా ఇందుకేనని, అందుకే ముందు ఐసులో పెట్టి మొద్దుబారనిస్తారని చెప్పారు. చెబుతూ చెబుతూ ఆ చిన్న డెక్కను నా చేతిలోంచి తీసుకున్నారు. కుడి చేత్తో. బొటనవేలూ రెండు వేళ్లతో. ఒకసారి జారి పళ్లెంలో పడింది. మళ్లీ తీసుకుని వెలుతురుకి పట్టి తిప్పి చూశారు. నేను ఊపిరి బిగబట్టి, ఏమీ గమనించనట్టు వెన్న అద్దుకుంటూ కూర్చున్నాను.

పెద్ద డెక్కలో ఒక వైపు కండ మాత్రం చెదరకుండా వచ్చింది. దాన్ని ఆయన పళ్లెంలో ఒక పక్కన పెట్టాను. వద్దనబోయి నా మొహం చూసి ఊరుకున్నారు. చెంచా తీసుకోలేదు. వేళ్లతోనే తిన్నారు, మెల్లగా, గడ్డం మీద వెన్న కారుతుంటే తుడుచుకోకుండా.

నాకు కాళ్లు మిగిలాయి. ఒక్కొక్కటే విరిచి చీకాను. పెంకు గట్టిగా ఉంది, పళ్లు నొప్పెట్టాయి, లోపల దారప్పోగంత కండ, కాస్త ఉప్పునీరు. నాలుగో కాలు దగ్గర ఆగి ఆయన వైపు చూశాను. 26 ఏళ్లు.

"కాళ్లంటే ఇష్టం అన్నారు కదా మీరు" అన్నాను.

ఆయన నవ్వారు. సమాధానం చెప్పలేదు.

వెయిటర్ నిమ్మముక్క వేసిన గోరువెచ్చని నీళ్లు తెచ్చి, ఇంకేమైనా కావాలా అని అడిగాడు. ఇంకో పీత తెమ్మన్నాను. వంటగది మూసే వేళయిందని, అరగంట పడుతుందని అన్నాడు. కూర్చుంటామన్నాను.

"ఎవరు తింటారే ఇంకొకటి?" అన్నారు ఆయన.

"డెక్కలు మీకు," అన్నాను.