మరుగుజ్జు గెలాక్సీకి వయసు కట్టే ముందు

కన్యారాశి గెలాక్సీ గుంపులో మరుగుజ్జు దీర్ఘవృత్తాకార గెలాక్సీలు కోకొల్లలు. ఏదో ఒకదాని వర్ణపటాన్ని (రంగులవారీగా విడదీసిన కాంతిని) సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే వయసు, లోహాల పాలు క్షణంలో చెప్పేస్తుంది. (హీలియం కన్నా బరువైనది ఏదైనా మనకు లోహమే, ఆక్సిజన్‌తో సహా.) ఆ అంకెల్ని నమ్మాలా వద్దా అన్నదే చిక్కు.

మొదటి శత్రువు ఆకాశం. ఈ గెలాక్సీల ఉపరితల కాంతి చదరపు ఆర్క్‌సెకనుకు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) 22 నుంచి 24 మాగ్నిట్యూడ్‌లు; ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. అమావాస్య ఆకాశమే దాదాపు 22 ఉంటుంది. అంటే స్లిట్‌లో (పరికరంలోకి కాంతిని వదిలే సన్నని చీలికలో) పడే కాంతిలో ఎక్కువ భాగం మన ఆకాశానిది, గెలాక్సీది కాదు. పైగా గుంపు మన నుంచి దూరమయ్యే సగటు వేగం సెకనుకు సుమారు 1,100 కిలోమీటర్లు కాబట్టి, 5160–5193 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగదైర్ఘ్యపు కొలత) మెగ్నీషియం-బి పట్టీ, అంటే మెగ్నీషియం కాంతిని మింగే చోటు, 5179–5212కి జరుగుతుంది. మన వాతావరణంలోని నైట్రోజన్ వెలుగు గీత 5199 దగ్గర, సరిగ్గా ఆ పట్టీలోనే కూర్చుంటుంది! దాన్ని తక్కువ తీసేస్తే మెగ్నీషియం తగ్గినట్టు, ఎక్కువ తీసేస్తే పెరిగినట్టు కనబడుతుంది. గుంపులో ఒక్కో గెలాక్సీ వేగం ఒక్కోలా ఉంటుంది, అందుకే దేనికది విడిగా చూసుకోవాలి. గెలాక్సీ వెలుగు స్లిట్ చివరిదాకా పాకి ఉంటే ఆ చివర్లను ఆకాశంగా వాడకండి, పక్కకు జరిగి విడిగా ఆకాశాన్ని తీసుకోండి.

గీతల బలాన్ని కొలిచే పాత లిక్ పద్ధతిలో వర్ణపటాన్ని 8–9 ఆంగ్‌స్ట్రామ్‌లకు మసకబార్చడం ఇక్కడ దండగ. ఈ గెలాక్సీల్లో నక్షత్రాల వేగ విస్తరణ (వాటి వేగాల మధ్య తేడా) సాధారణంగా సెకనుకు 20–60 కిలోమీటర్లే, కాబట్టి గీతలు సన్నగానే ఉంటాయి. మొత్తం 5 ఆంగ్‌స్ట్రామ్‌లకు తెచ్చి, 2.5 ఆంగ్‌స్ట్రామ్‌ల మైల్స్ (నిజ నక్షత్రాల వర్ణపటాల భండారం) నమూనాలనూ అంతే చేసి పోల్చితే సరి. లోహాలు తక్కువ కాబట్టి గీతలే పలచన. ఒక్కో ఆంగ్‌స్ట్రామ్‌కు సంకేత-రొద నిష్పత్తి 30 కూడా లేకపోతే వయసు జోలికి పోకపోవడమే మేలు.

వయసు మూడు రెట్లు పెరిగినా, లోహాలు రెండు రెట్లు పెరిగినా రంగు ఒకేలా మారుతుందని 1994లో ఖగోళ శాస్త్రవేత్త గై వర్తీ చూపించాడు. ఆ ముడి విప్పేది యువ నక్షత్రాల్లో బలంగా ఉండే హైడ్రోజన్ హెచ్-బీటా గీత. వాయువు మిగిలిన గెలాక్సీలో ఆ వాయువు వెదజల్లే ఉద్గార కాంతి ఆ గీతను పూడ్చి ముసలితనం అంటగడుతుంది. 5007 దగ్గరి ఆక్సిజన్ గీత బలంలో 0.6 వంతును హెచ్-బీటాకు కలపడం వాడుక.

మెగ్నీషియం-ఇనుము నిష్పత్తి అసలు కథ చెబుతుంది. మెగ్నీషియం భారీ నక్షత్రాల పేలుళ్ల నుంచి కొన్ని కోట్ల ఏళ్లలోనే వస్తుంది. ఇనుములో ఎక్కువ భాగం తెల్ల మరుగుజ్జుల (ఆరిపోయిన నక్షత్రాల గట్టి శేషాల) పేలుళ్ల నుంచి, చాలా వరకు వంద కోట్ల ఏళ్ల స్థాయిలో, తాపీగా వస్తుంది. భారీ దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో ఈ నిష్పత్తి సూర్యుడి కన్నా 0.3 డెక్స్ (అంటే దాదాపు రెండు రెట్లు) ఎక్కువ, మరుగుజ్జు గెలాక్సీల్లో సూర్యుడికి దగ్గర. అంటే ఇవి నిదానంగా, చాలా కాలం వండుకున్న వంట.

అందుకే ఒకే వయసు అన్న ఊహ వీటికి నప్పదు. వంద కోట్ల ఏళ్ల నక్షత్రాలు అంతే ద్రవ్యరాశి ఉన్న వెయ్యి కోట్ల ఏళ్ల వాటికన్నా ఐదారు రెట్లు ఎక్కువ వెలుగుతాయి. ద్రవ్యరాశిలో పదో వంతే ఉన్నా, వెలుగులో దాదాపు 40 శాతం వాటిదే. ఆండ్రోమెడా గెలాక్సీకి తోడుగా ఉన్న మరుగుజ్జు గెలాక్సీ ఎన్‌జీసీ 205 నడిమధ్య నీలి యువ నక్షత్రాలున్నాయి. అదే గెలాక్సీలో 1944లో ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే విడదీసి చూసినవి ముసలి ఎర్ర నక్షత్రాలు. కేంద్రం ఒక్కదాన్నే కొలిస్తే మొత్తం గెలాక్సీ పసిదైపోతుంది.

మరో హైడ్రోజన్ గీత హెచ్-డెల్టా చెప్పే వయసు హెచ్-బీటా వయసు కన్నా తక్కువ వస్తే లోపల యువ నక్షత్రాలో, ముసలివే అయినా వేడిగా ఉన్న నీలి నక్షత్రాలో కలిసి ఉన్నట్టు. అప్పుడు ఒక్క వయసు రాసి ఊరుకోకండి.