మోకీలు మార్పిడి తర్వాత ఇన్ఫెక్షన్: ముందు నీరు తీయించాలి, తర్వాతే యాంటీబయాటిక్

కీలు మార్చిన నా మోకాలు కొన్ని నెలలు బాగానే ఉండి, తర్వాత వాచింది. పడుకున్నా నొప్పి తగ్గలేదు. జ్వరం మాత్రం లేదు. పాతబడిన ఇన్ఫెక్షన్‌లో చాలామందికి అసలు జ్వరమే రాదు.

మొదట ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చేయిస్తారు; ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఈ అంకెలు పెరుగుతాయి. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకు సీఆర్‌పీ బాగా పెరిగి, కొన్ని వారాల్లో దిగిపోతుంది. దిగినది మళ్లీ పెరిగితే అనుమానించాలి. సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటినా, ఈఎస్ఆర్ 30 దాటినా తర్వాతి పని సూదితో మోకాలిలోని నీరు తీసి పరీక్షించడం. యూనిట్ చూసుకోండి, కొన్ని ల్యాబులు డెసిలీటరు లెక్కలో ఇస్తాయి. అక్కడ 1 అంటే ఇక్కడ 10. కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఈ రెండూ ఎలాగూ ఎక్కువే ఉండొచ్చు.

ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకిన లక్షణాలు (సెప్సిస్) లేకపోతే, నీరు తీసేముందు కనీసం రెండు వారాలు యాంటీబయాటిక్ ఆపాలి. వాపు చూడగానే ‘ఒక కోర్సు వాడి చూద్దాం’ అనడమే అసలు చిక్కు: క్రిమి చావదు, కల్చర్‌లో (ల్యాబులో క్రిములను పెంచి చూసే పరీక్షలో) కనబడదు. తీసిన నీటిలో మైక్రోలీటరుకు ఎన్ని తెల్లకణాలున్నాయో లెక్కిస్తారు. మామూలు మోకాలికైతే 50,000 దాటితే చీము అంటారు. కీలు మార్చిన మోకాలికి, ఆపరేషన్ అయి ఆరు వారాలు దాటితే, 3,000 చాలు. ఆ కణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం 80 శాతం దాటినా అంతే. ఆ 50,000 అంకె పట్టుకుని ‘ఏం లేదులే’ అంటే ఒప్పుకోకండి. కల్చర్‌ను 14 రోజులు ఉంచమని ల్యాబుకు ముందే చెప్పించాలి, నిదానంగా పెరిగే క్రిములుంటాయి. గాయంపై దూదిపుల్లతో తీసిన శాంపిల్ నమ్మలేం, అందులో చర్మం మీది క్రిములే వస్తాయి.

క్రిములు లోహం మీద పొర కట్టుకుంటాయి, మందు లోపలికి పోదు. ఆపరేషన్ అయిన నాలుగు వారాల్లోపు, లేదా లక్షణాలు మొదలై మూడు వారాల్లోపు అయితే తెరిచి కడిగి, ప్లాస్టిక్ ముక్క మార్చి చూస్తారు. నాది ఆ గడువు దాటింది, కాబట్టి రెండు దశలు. కీలు తీసేసి వాంకోమైసిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లు కలిపిన సిమెంట్ స్పేసర్ (కొత్త కీలు వేసేదాకా ఆ ఖాళీలో ఉంచే ముక్క) పెట్టారు. ఆపైన సుమారు ఆరు వారాలు యాంటీబయాటిక్, ఎక్కువగా నరంలోకే. వాంకోమైసిన్ ఎక్కుతున్నన్నాళ్లూ కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష వారం వారం చూడాలి.

క్రిమి స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా అయితే కొన్నిసార్లు రిఫాంపిసిన్ అనే మరో యాంటీబయాటిక్ కలుపుతారు. మందులషాపులో ‘ఇది టీబీ మందు కదా’ అంటారు, కంగారు పడొద్దు. మూత్రం నారింజరంగులో వస్తుంది. ఇది ఒక్కటే వాడితే క్రిమి త్వరగా మొండికేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ లాంటి మాత్రల పని తగ్గిస్తుంది కనుక వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పాలి.

కొత్త కీలు వేసేముందు గాయం పూర్తిగా ఆరాలి, సీఆర్‌పీ దిగుతూ ఉండాలి. ఆ ఆపరేషన్‌లో మళ్లీ ఐదారు చోట్ల కండముక్కలు తీసి కల్చర్‌కు పంపుతారు. ఆ రిపోర్టు వచ్చాకే మందు ఎన్నాళ్లన్నది తేలుతుంది.