అమ్మ మాత్రలు మానేసినప్పుడు

ఉదయం దినపత్రిక మడతలోంచి జారిపడిన కరపత్రాన్ని అమ్మ పోపుల డబ్బా కింద దాచుకుంది. ‘40 రోజుల్లో షుగర్ నయం, ఇక మాత్రలతో పని లేదు’ అని అందులో ఎర్ర అక్షరాలు. వరంగల్ కాశీబుగ్గలో ఆమె, హన్మకొండలో నేను. పదకొండేళ్లుగా వేసుకుంటున్న మాత్రలు మానేసి చూర్ణం తింటోందని నాకు తెలియదు. అరికాలి పుండు ఎంతకీ మానకపోతే రక్తపరీక్ష చేయించాను. పరగడుపున షుగర్ 312.

“పేపర్లో వచ్చింది కదా బిడ్డా, అబద్ధం రాస్తారా?” అంది. ఆమెకు పత్రికా, అందులో దూర్చిన కాగితమూ ఒకటే. కోపమంతా ఆ కాగితం అచ్చువేసినవాళ్ల మీదే వచ్చింది.

చూర్ణం డబ్బా, కరపత్రం పట్టుకుని డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ను కలిశాను. ఆయన ‘నయం’ అన్న మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, “ఇది చాలు” అన్నారు. అభ్యంతరకరమైన మందుల ప్రకటనల మీద 1954లోనే చట్టం వచ్చింది. దాని జాబితాలోని 54 రోగాల్లో మధుమేహం ఒకటి. వాటిని నయం చేస్తామని ప్రకటించడమే నేరం, అది ఆయుర్వేద మందైనా సరే. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు.

అయితే బిల్లు అడిగారు. అమ్మ తీసుకోలేదు. మళ్లీ అదే దుకాణానికి వెళ్లి, పట్టుబట్టి బిల్లు రాయించుకుని ఇంకో డబ్బా కొన్నాను. బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా చూసి ఫిర్యాదులో రాశాను. కరపత్రం అసలు ప్రతి ఇచ్చి, నకలు నా దగ్గర ఉంచుకున్నాను. పన్నెండో రోజున దుకాణంలోని సరుకు స్వాధీనం చేసుకున్నారని ఫోను వచ్చింది.

డాలస్‌లో ఉండే మా తమ్ముడు మాత్రం, అక్కడ డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులకూ టీవీలో ప్రకటనలు వస్తాయని, జనానికి అవగాహన పెరుగుతుందని వాదించాడు. అమెరికా, న్యూజిలాండ్ దేశాల్లో అది చెల్లుతుంది. మన దగ్గర షెడ్యూల్ హెచ్ మందులకు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సినవాటికి, కేంద్రం ముందస్తు అనుమతి లేనిదే ప్రకటన ఇవ్వరాదు. ఆ కట్టడి సడలకూడదు, ఇంకా బిగియాలి. అమ్మ కిడ్నీల సంగతి, పుండు సంగతి అమ్ముకునేవాడికి ఏం తెలుసు? అతను చెప్పేది అవగాహన ఎలా అవుతుంది?

కేసు ఇంకా నడుస్తోంది. అమ్మ మళ్లీ మాత్రలు వేసుకుంటోంది. పుండు పూర్తిగా మానలేదు, రోజు విడిచి రోజు కట్టు మార్పిస్తున్నాను.