నాలుగో నాజిల్

రెండో శనివారం, కాలేజీకి సెలవు. నాన్న ఏడున్నరకల్లా బస్టాండులో దిగారు. చేతిలో అమ్మ ఇచ్చిన టిఫిన్ క్యారేజీ, భుజం మీద తువ్వాలు. రూముకి వెళ్లి టీ తాగి బయలుదేరదాం నాన్నా అంటే వినలేదు. "బండి దగ్గరే తాగుదాం పద" అన్నారు. సిటీ బస్సులో ఆటోనగర్ చేరేసరికి ఎనిమిదిన్నర. షట్టర్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. ఎక్కడో గ్రైండర్ మొదలైంది.

నాన్న బండిని చూసి రెండు నెలలైంది. అప్పటిదాకా అది ఊళ్లో పశువుల కొట్టం పక్కన ఉండేది, నాలుగు టైర్లూ నేలకు అతుక్కుపోయి, తొట్టి నిండా ఎండుకొమ్మలతో. పదకొండేళ్లు కదల్లేదు. నవంబరులో లారీ మీదకెక్కించి, బాగు చేయించడానికి విజయవాడ తెచ్చాం.

బండి టాటా మొబైల్ 206, చిన్న పికప్. టాటా వాళ్లు దీన్ని 1988లో బయటికి తెచ్చారు, వాళ్ల 407 లారీ వచ్చిన రెండేళ్లకు. అప్పటికి కంపెనీ పేరు టెల్కో. నాన్న 1993లో సెకండ్ హ్యాండులో కొన్నారు, ఏపీ 16 నంబరు. ఈ పేర్ల లెక్క నా చిన్నప్పుడు ఆయనే చెప్పారు. ముందున్న అంకె సుమారుగా లోడుతో కలిపి మొత్తం బరువు, టన్నుల్లో. వెనకున్న రెండంకెలను పదితో హెచ్చిస్తే సుమారుగా హార్స్‌పవర్. 1612 అంటే పదహారు టన్నులు, నూట ఇరవై గుర్రాలు. రోడ్డు మీద వచ్చే ప్రతి లారీకీ నేను అలా లెక్క కట్టేవాణ్ణి. మా బండి దగ్గరికొచ్చేసరికి రెండు టన్నులు, అరవై గుర్రాలు. ఆ అరవై గుర్రాలూ మా మామిడికాయల్ని మోస్తున్నాయని నాకు ఎంత గర్వంగా ఉండేదో.

వేసవి వస్తే నాన్నకు రాత్రి పగలు తేడా ఉండేది కాదు. తొట్టిలో వరిగడ్డి పరిచి, బంగినపల్లి ఒక పక్క, చిన్నరసాలు ఒక పక్క పోసి, తెల్లవారుజామున మూడింటికి విజయవాడ పక్కనున్న నున్న మామిడి మార్కెట్‌కి బయలుదేరేవారు. ఎండ ఎక్కకముందే కాయ దిగాలి. నేను కొన్నిసార్లు పక్కన కూర్చుని వెళ్లేవాణ్ణి. క్యాబిన్లో డీజిల్ వాసన, సొన వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ మామిడికాయ కోస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ క్యాబినే.

ఈ వేసవికి మా తోట కాయ మళ్లీ ఈ బండిలోనే నున్న వెళ్లాలని నా పట్టుదల. చెట్లు పూత మీదున్నాయి. చేతిలో ఉన్న సమయం రెండు నెలలు. మొత్తం పనికి పక్కన పెట్టుకున్నది 1,20,000. నిన్నటికి ఖర్చు 71,400.

ఇంత తక్కువలో పని నడుస్తోందంటే కారణం ఒక్కటే, సుమో. 1994లో వచ్చిన సుమోలోనూ ఇదే 1948 సీసీ డీజిల్ ఇంజను. టాటా వాళ్ల సియెరాలో అదే, ఎస్టేట్‌లో అదే. 206 సామాను అని అడిగితే ఆటోనగర్‌లో సగం మంది తల అడ్డంగా ఊపుతారు. సుమో సామాను అంటే లోపల్నుంచి నాలుగు రకాలు తెచ్చి బల్ల మీద పెడతారు. గ్యాస్కెట్లు, క్లచ్ ప్లేటు, వాటర్ పంపు అన్నీ అలాగే దొరికాయి.

షెడ్డులో నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగారు. డ్రైవరు కాళ్ల కింద రేకు కొత్తది చూసి వంగి వేలితో కొట్టారు. పాత రేకు తుప్పు పట్టి నేల కనబడేది. కొట్టినప్పుడు ఖంగుమని పలికే చోటు దాకా కోసేసి, 18 గేజీ రేకు పెట్టి సీఓటూ వెల్డింగ్ చేయించాం. ఒకే గీతగా లాగేస్తే వేడికి రేకు వంకర పోతుందని మేస్త్రీ ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టుకుంటూ రెండు రోజులు చేశాడు. కింద రెడాక్సైడ్, అతుకుల్లో సీలెంట్. పైకి కనిపించని పని, కానీ ఎక్కువ డబ్బు అక్కడే పెట్టాం. అక్కడా, బ్రేకుల్లో.

"స్టార్ట్ చెయ్" అన్నారు నాన్న.

మేస్త్రీ హీటర్ పెట్టి కాసేపు ఆగి సెల్ఫ్ కొట్టాడు. ఈ ఇంజనులో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. పక్కనున్న చిన్న గదిలో అంటుకుని అక్కణ్ణుంచి బయటికి వస్తుంది. చలికి ఆ గది వేడెక్కితే తప్ప అంటుకోదు, అందుకే హీటర్ ప్లగ్గులు. మూడో ప్రయత్నానికి అందుకుంది. నల్లటి పొగ షెడ్డు దాటి రోడ్డు మీదకి పోయింది. నాకైతే ఆ చప్పుడు వింటుంటే కళ్లు చెమర్చాయి. నాన్న మాత్రం బానెట్ పక్కన తలొంచుకుని నిలబడి వింటున్నారు.

"ఒకటి కొట్టట్లేదురా" అన్నారు. నాలుగు సిలిండర్లలో ఒకటి పనిచేయట్లేదని.

"చాలా రోజులు ఆగిన బండి కదా బాబాయ్, వేడెక్కితే సర్దుకుంటది" అన్నాడు మేస్త్రీ.

ఐదు నిమిషాలు ఆగాం. సర్దుకోలేదు. అప్పుడు మేస్త్రీ 17 నంబరు స్పానరు తీసుకుని, గుడ్డ చుట్టి, ఇంజను నడుస్తుండగానే మొదటి నాజిల్ పైపు నట్టు కొద్దిగా వదులు చేశాడు. సిలిండరుకొకటి చొప్పున డీజిల్ చిమ్మేవి ఈ నాజిల్సే. వెంటనే ఇంజను కుంటింది. అంటే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టే. నట్టు బిగించి రెండోది వదిలాడు, కుంటింది. మూడోదీ అంతే. నాలుగోది వదిలితే చప్పుడు ఏమీ మారలేదు. మేస్త్రీ తలెత్తి నాన్న వైపు చూశాడు. నాన్న అప్పటికే తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నారు. ఆ గుడ్డ ఊరికే చుట్టలేదు. ఆ ఒత్తిడితో వచ్చే డీజిల్ ధార చర్మాన్ని కూడా చీల్చుకుని లోపలికి పోతుంది. గుడ్డ ఒక్కటే దాన్ని ఆపదు, ఎవరూ ఇంట్లో చేసి చూడొద్దు.

ఇందులో తప్పు నాదే. ట్యాంకు దింపి కడిగించాను, ఫిల్టర్లు మార్పించాను, పంపు కాలిబ్రేషన్ చేయించాను. నాజిల్స్ దగ్గరికొచ్చేసరికి పాతవే బాగున్నాయి, ఉండనీ అన్నాను. రెండున్నర వేలు మిగుల్తాయని. పదకొండేళ్లు నిలవున్న డీజిల్ జిగురైపోయి సూది దగ్గరే ముందు పట్టేస్తుందని ఆలోచించలేదు.

నాలుగూ విప్పి పక్క వీధిలో పంపుల షాపుకి తీసుకెళ్లాం. అక్కడ చేత్తో కొట్టే టెస్టరు ఉంది. నాజిల్‌ని నోరు కిందికి ఉండేలా బిగించి, లివరు నొక్కితే డీజిల్ కిందికి చిమ్ముతుంది. మొదటిది కిర్రుమంటూ చిమ్మింది, వేడి పెనం మీద నీళ్లు చిలకరిస్తే లేచే ఆవిరిలా. రెండు, మూడు కూడా పరవాలేదు, కాస్త పక్కకి పోతున్నాయి. నాలుగోదాంట్లోంచి చప్పుడే లేదు. చివర ఒక బొట్టు ఊరి, లావై, జారింది. మళ్లీ నొక్కితే మళ్లీ ఒక బొట్టు. సరిగా కట్టని కుళాయి లాగా. ఆ బొట్టు సగం కాలి పొగగా పోతోంది. పొల్యూషన్ టెస్టులో పాత డీజిల్ బండికి పొగ 65 యూనిట్లు దాటకూడదు. ఇలాగే తీసుకెళ్తే ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దాకా వెళ్లకుండా అక్కడే ఆగిపోయేవాళ్లం.

ఒక్కటే మారుద్దామా అని నేను అడిగేలోపు నాన్న "నాలుగూ కొత్తవి వెయ్యండి" అన్నారు షాపతనితో. నాలుగూ ఒకేలా చిమ్మితేనే ఇంజను ఒకేలా నడుస్తుంది, అది నిజం. నాజిల్స్ 2,600, టెస్టింగు, బిగింపు 600.

మధ్యాహ్నం క్యారేజీ విప్పాం. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, వడియాలు. మేస్త్రీ కూడా మాతోనే తిన్నాడు. తొట్టి సంగతి వచ్చింది. తొట్టి అడుగు పూర్తిగా పోయింది. చెక్కర్ ప్లేటు వేయమని అందరూ చెప్పారు. మూడు మిల్లీమీటర్ల ప్లేటు చదరపు మీటరుకు పాతిక కిలోల పైచిలుకు, మా తొట్టికి మూడు చదరపు మీటర్లు కావాలి. డబ్బుకు డబ్బు, బరువుకు బరువు. ఊళ్లో నాన్న ఎప్పుడో కొట్టించి చెరువులో నానేసి ఆరబెట్టిన నల్లతుమ్మ దుంగ ఉంది. దాన్ని కోయించి అంగుళం లోపు మందంలో పలకలు పరుద్దామని నా ఆలోచన. నానిన దుంగకు పురుగు పట్టదు. బండి చక్రాలకు వాడే కర్ర, కాయల బరువుకు ఏమవుతుంది? నాన్న ముద్ద నములుతూ "పలకల మధ్య వేలు పట్టేంత సందు వదులు, నీళ్లు దిగిపోవాలి" అన్నారు. అంటే సరేనన్నట్టే.

ఆ తర్వాత క్యాబిన్ ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. నేను పక్కన నిలబడి మురిసిపోతున్నాను. ఆ సీటును కదపకుండా, పాత రంగు రెగ్జిన్ వెతికి మళ్లీ కుట్టించాలని ఎప్పుడో అనుకున్నాను. సీటు వెనక ఎప్పుడూ ఉండే మడత పెట్టిన గోనెసంచి కూడా పడేయనివ్వలేదు. నా చిన్నప్పటి జ్ఞాపకంలో అది ఉంది మరి.

"ఈ సీటు ఇంకా ఉంచావేంట్రా?" అన్నారు.

"అదే కదా నాన్నా అసలు సీటు, కొత్త రెగ్జిన్ వేయిద్దాం."

ఆయన చెయ్యి వెనక్కి పెట్టి గోనెసంచి తీశారు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉండి అట్టముక్కలా అయిపోయింది. "ఇదెందుకు పెట్టుకున్నాననుకున్నావు? నడుం నిలవక. దీన్ని ఇక్కడ కుక్కితేగాని నున్న దాకా వెళ్లలేకపోయేవాణ్ణి" అన్నారు.

నాకు మాట రాలేదు. నేను దాన్ని బండి తుడిచే సంచి అనుకున్నాను ఇన్నాళ్లూ. రాత్రిళ్లు అమ్మ ఆయన నడుముకి జిల్లేడాకులు వెచ్చబెట్టి కాపడం పెట్టడం నాకు గుర్తుంది. ఆ కాపడాన్నీ ఈ సీటునూ ఒక్కసారీ కలిపి చూడలేదు. బండిని ఉన్నదున్నట్టు నిలబెట్టాలని నేను తాపత్రయపడుతుంటే, అందులో ఆయన నొప్పిని కూడా ఉన్నదున్నట్టు నిలబెట్టబోయాను.

మూడింటికి పాత సామాన్ల వీధికి వెళ్లాం. సుమో ముందు సీట్లు వరసగా గోడకు ఆనించి ఉన్నాయి. నాన్న ఒక్కొక్కటీ కింద పెట్టించి కూర్చుని చూశారు. నాలుగోదో ఐదోదో నచ్చింది. నడుము దగ్గర ఉబ్బు ఉంది, వీపు వెనక్కి వాలుతుంది, పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. 4,200 అన్నాడు, 3,500కి ఇచ్చాడు. బోల్టు రంధ్రాలు కలవలేదు. మేస్త్రీ రెండు యాంగిల్ ముక్కలు కోసి, కింద రేకుకు లోపలి వైపు పట్టీ వేసి వెల్డ్ చేశాడు. ఉత్త రేకుకే బిగిస్తే గట్టిగా బ్రేకు కొట్టిన రోజు సీటు లేచి వస్తుంది. సీట్ల సంఖ్య మారలేదు కాబట్టి ఆర్.సి.తో పేచీ ఉండదని మేస్త్రీ అన్నాడు.

మార్పుల విషయంలో నేను గట్టిగా ఉన్నాను. మా అక్క కొడుకు వెడల్పు టైర్లు, మీద లైట్ల బారు వేద్దాం మావయ్యా అని ఫోన్లో ఫొటోలు పంపుతూ ఉంటాడు. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది చట్టంలో ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. చట్టం సంగతి అలా ఉంచినా, పవర్ స్టీరింగ్ లేని బండికి వెడల్పు టైర్లు వేస్తే తిప్పేవాడి భుజాలు పోతాయి. లైట్ల బారు బదులు, బల్బుకు కరెంటు పాత స్విచ్చులోంచి కాకుండా నేరుగా వెళ్లేలా రెండు రిలేలు వేయించాను. కరెంటంతా పాత స్విచ్చులోంచి తిరిగి వచ్చేసరికి బల్బు దగ్గర 10.8 వోల్టులే ఉండేది. ఇప్పుడు 12 దాటుతోంది. అవే బల్బులు, వెలుతురు మాత్రం గోడ మీద తెల్లగా పడుతోంది.

ఐదున్నరకి నాజిల్స్ బిగించడం అయింది. పైపుల్లో గాలి తీసి సెల్ఫ్ కొట్టగానే రెండో తిప్పుకే అందుకుంది. నాన్న ఈసారి వినడానికి కిందికి దిగలేదు. కొత్త సీట్లోనే కూర్చుని గేరు వేసి, షెడ్డు ఆవరణలో ముందుకి ఒక ఇరవై అడుగులు, వెనక్కి ఒక ఇరవై అడుగులు. మూడుసార్లు. నాలుగోసారి ఆపి, సీటు ఒక గాడి ముందుకి జరుపుకుని మళ్లీ తీశారు. వెనకాల పొగ పల్చగా ఉంది.

రంగు గురించి అడిగాను. సొట్టలు అలాగే ఉంచి, పాత తెలుపును పాలిష్ పట్టిద్దామని నా కోరిక. నాన్న ఒప్పుకోలేదు. "సొట్టలు తీయించకపోయినా సరే, రంగు మాత్రం వేయించు. రంగు లేకపోతే తుప్పు ఆగదు." తెలుపే వేయిస్తాను, రంగు మారిస్తే ఆర్.సి.లో మార్పించాలి.

ఏడింటి బస్సుకి ఎక్కించాను. గోనెసంచి ఖాళీ క్యారేజీతో పాటు ఆయన చేతిలోనే ఉంది. ఎందుకు నాన్నా అంటే "తవుడు పోసుకోవడానికి పనికొస్తుంది" అన్నారు.

ఈరోజు ఖర్చు 6,700. మిగిలింది 41,900. అందులో రెండు టైర్లు, రంగు, ఇన్సూరెన్సు, ఎఫ్.సి. సోమవారం క్లాసులయ్యాక టైర్ల ధర అడగాలి. వచ్చే ఆదివారం ఊరెళ్లి తుమ్మ దుంగ కోత మిల్లుకి వేయించాలి.